నోట్సు చివరి పేజీలో ఒక దీవి

శ్రోతలకు నమస్కారం.

దివిసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. పటాలతోనే నా బతుకంతా. పదో తరగతి పిల్లల చేత మ్యాప్ పాయింటింగ్ చేయించీ చేయించీ, నర్మద ఎటు పారుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కిందటేడు తొమ్మిదో తరగతి నోట్సులు దిద్దుతుంటే, ఒకమ్మాయి పుస్తకం చివరి పేజీలో ఒక దీవి కనిపించింది. పెన్సిలుతో గీసిన దీవి. తీరమంతా వంకరటింకర, నడుమ మూడు కొండలు, ఒక మూల లంగరు, ఇంకో మూల ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు. లంగరు పక్కన చిన్న అక్షరాలతో "లోతు మూడు బారలు" అని రాసి ఉంది.

ఆ "బారలు" దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మా పాఠ్యపుస్తకాల్లో మీటర్లే తప్ప బారలు ఉండవు. పిలిచి అడిగాను. తిడతానేమోనని కాసేపు తల దించుకుని నిలబడింది. తర్వాత మెల్లిగా చెప్పింది. "ఓడ అక్కడ ఆగాలంటే కింద నీళ్లుండాలి కదా మేడమ్. ఎంతుండాలో మా నాన్నని అడిగాను." వాళ్ల నాన్న వేటకు వెళతాడు. వల వేసేవాళ్లు లోతుని ఇప్పటికీ బారల్లోనే చెప్పుకుంటారు. రెండు చేతులూ చాపితే ఈ వేళ్ల చివరి నుంచి ఆ వేళ్ల చివరి దాకా ఒక బార. ఇంగ్లీషు నావికుల ఫాదమ్ కూడా అచ్చంగా అదే, చాపిన చేతుల కొలతే, ఆరడుగులు.

మరి ఓడ ఎక్కణ్నించి వచ్చింది? శాఖా గ్రంథాలయంలో, పాత పుస్తకాల బీరువాలోంచి. స్టీవెన్సన్ రాసిన ట్రెజర్ ఐలండ్‌ని, జిమ్ అనే కుర్రవాడు దొంగలు దాచిన నిధి కోసం ఓడెక్కి ఒక దీవికి వెళ్లే కథని, నండూరి రామమోహనరావు గారు కాంచన ద్వీపం పేరుతో తెలుగు చేశారు. ఆ పుస్తకం అట్ట ఊడిపోయి, పురికొసతో కట్టి ఉందట. ఈ పిల్ల దాన్ని అప్పటికి మూడుసార్లు చదివింది.

నేను తిట్టలేదు. తిట్టలేకపోయాను. నేనూ ఆ వయసులో అదే పని చేశాను. గుడివాడ దగ్గర మా ఇంట్లో పాత చందమామలు ఏడాదివారీగా కుట్టించి ఉండేవి. 1954లో తోకచుక్కతో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లూ, వాటికి చిత్ర గారు వేసిన బొమ్మలూ చూసి చూసి, లెక్కల నోట్సు వెనక ఒక కోట గీశాను. నాలుగు బురుజులు, కందకం, కందకంలో మొసళ్లు. ఒక మాస్టారు ఆ పేజీ చింపి, ఉండలా చుట్టి కిటికీలోంచి పారేశారు. ఆయన చెడ్డవారు కాదు, లెక్కలు బాగా చెప్పేవారు. కానీ మళ్లీ నేను బొమ్మ వేయలేదు. నలభై ఏళ్లు దాటినా, ఆ కాగితం చిరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందుకే ఆ రోజు పాఠం పక్కన పెట్టి, ట్రెజర్ ఐలండ్ ఎలా పుట్టిందో క్లాసుకి చెప్పాను. మీకూ చెబుతాను.

అది 1881. స్కాట్లండ్ కొండల్లో బ్రేమార్ అనే ఊరు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కి అప్పుడు ముప్పయ్యేళ్లు. చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తుల జబ్బు మనిషి. ఎండాకాలమన్న పేరే గానీ బయట వాన, చలిగాలి. ఇల్లు కదిలే వీల్లేదు. భార్యకు మొదటి భర్త వల్ల పుట్టిన కొడుకు లాయిడ్ సెలవులకి వాళ్ల దగ్గరే ఉన్నాడు. పదమూడేళ్లవాడు. ఆ రోజుల్లో వాడి ధ్యాసంతా బొమ్మల మీదే. కలం, సిరా, ఒక షిల్లింగు పెట్టి కొన్న రంగుల పెట్టె దగ్గర పెట్టుకుని ఒక గదిని చిత్రశాల చేసేశాడు. ఊసుపోక స్టీవెన్సన్ కూడా వెళ్లి వాడి పక్కన కూర్చునేవాడు. అలా ఒక రోజు ఒక దీవి పటం తయారైంది. దాన్ని మొదట గీసింది తానేనని స్టీవెన్సన్ రాసుకున్నాడు. తాను గీసి రంగులు వేస్తుంటే ఆయన వచ్చి చెయ్యి కలిపాడని పెద్దయ్యాక లాయిడ్ రాశాడు. నాకు మాత్రం ఆ కుర్రవాడి మాటే నమ్మబుద్ధేస్తుంది.

ముందు కథ లేదు. ముందు పటం. ఆ పటంలోని అడవుల వంక చూస్తుంటే చెట్ల సందుల్లోంచి మనుషులు, వాళ్ల కత్తులు తొంగిచూశాయని ఆయనే చెప్పుకున్నాడు. వెంటనే కాగితం తీసుకుని అధ్యాయాల పట్టిక రాసేశాడు. సెప్టెంబరులో ఒక పొద్దున, లోపల నెగడు మండుతుంటే, కిటికీ మీద వాన కొడుతుంటే మొదటి అధ్యాయం మొదలుపెట్టాడు. పదిహేను రోజుల్లో పదిహేను అధ్యాయాలు. ఏ పూట రాసింది ఆ పూటే ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవాడు.

నాకు ఈ మొత్తంలో బాగా ఇష్టమైనది స్టీవెన్సన్ తండ్రి సంగతి. థామస్ స్టీవెన్సన్ దీపస్తంభాల ఇంజినీరు. తాతా ఇంజినీరే. సముద్రం నడుమ బెల్ రాక్ అనే బండ మీద దీపస్తంభం కట్టించిన రాబర్ట్ స్టీవెన్సన్ ఆయనే. కొడుకూ అదే దారిన నడవాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఎడిన్‌బరోలో ఇంజినీరింగ్‌లో చేర్పించారు కూడా. 1871లో ఆ కొడుకు "నాకు ఇది వద్దు, నేను రాసుకుంటాను" అన్నాడు. సరే, కనీసం లా అయినా చదువు అని ఒప్పందానికి వచ్చారు. మన ఇళ్లలో ఈ మాటలు ఎన్నిసార్లు వినలేదు! అలా మనసు కష్టపెట్టుకున్న తండ్రి, పదేళ్ల తర్వాత బ్రేమార్‌లో కొడుకు కథ చదువుతుంటే చిన్నపిల్లాడిలా దగ్గరికి జరిగాడు. కథలో చచ్చిపోయిన నావికుడి పెట్టె ఒకటి వెతికే ఘట్టం ఉంది. అందులో ఏమేం ఉండాలో నేను చెబుతానని, ఒక కవరు వెనక దాదాపు రోజంతా కూర్చుని జాబితా రాశాడు. కొడుకు ఆ జాబితాని ఉన్నదున్నట్టు కథలో పెట్టేశాడు. ఫ్లింట్ అనే దొంగల నాయకుడి ఓడకి వాల్‌రస్ అని పేరు పెట్టింది కూడా ఆ తండ్రే.

పిల్లలు చదివి ఊరుకోరు. చదివిన దాన్ని చేతుల్లోకి తెచ్చుకుంటారు. గీస్తారు, కత్తిరిస్తారు, అతికిస్తారు. చదువుకి అడ్డమని మనం తీసి అవతల పెట్టే ఆ కాగితాలూ, జిగురూ, రంగులే వాళ్ల చదువులో సగం. ఆ టైములో ఇంట్లో ఒక పెద్ద మనిషి పక్కన కూర్చుని "ఆ పెట్టెలో ఏముందిరా?" అని నిజంగా అడిగితే, అడిగి జవాబు కోసం ఆగితే, అంతకంటే వాళ్లకి ఇవ్వగలిగింది నాకు తోచదు.

తర్వాతి సంగతి త్వరగా చెబుతాను. పదహారో అధ్యాయం దగ్గర కథ మొండికేసింది. స్విట్జర్లండ్‌లో దావోస్‌కి వైద్యానికి వెళ్లాక అక్కడ పూర్తయింది. 1881 అక్టోబరు నుంచి 1882 జనవరి దాకా యంగ్ ఫోక్స్ అనే పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పుస్తకం 1883లో. ఆ పుస్తకం కోసం పంపిన పటం మాత్రం ప్రచురణకర్తలకు చేరనే లేదు, దారిలో పోయింది. పటం చూసి కథ రాయడం తేలిక. కథలో ఉన్న ప్రతి కొండా ప్రతి మలుపూ ఏరుకుని, వాటికి సరిపోయేలా పటం గీయడం చాలా కష్టం. తండ్రి ఆఫీసులో కూర్చుని మళ్లీ గీశారు. ఫ్లింట్ సంతకం తండ్రే పెట్టాడు. ఈ రెండో పటమే మనం పుస్తకాల్లో చూస్తాం. కానీ అది తనకు ఎప్పటికీ అసలు దీవి అనిపించలేదని స్టీవెన్సన్ రాశాడు. ఈ ముక్క చెప్పినప్పుడు మా క్లాసులో చప్పుడు లేదు.

లాయిడ్ బొమ్మలతో ఆగలేదు. దావోస్‌లో వాడి దగ్గర ఒక బుల్లి అచ్చు యంత్రం ఉండేది. సవతి తండ్రి పద్యాలు రాసి, చెక్క మీద బొమ్మలు చెక్కి ఇస్తే, కొడుకు అచ్చులు పేర్చి చిన్న చిన్న పుస్తకాలు వేసి అమ్మేవాడు. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి మూడు నవలలు రాశారు.

క్లాసయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి ఒక మాట అడిగింది. "జిమ్ వాళ్లమ్మ తప్ప ఇందులో ఆడవాళ్లు లేరేంటి మేడమ్?" ఆ కథలో ఆడవాళ్లు వద్దని వాళ్లు ముందే అనుకున్నారు, అది మగపిల్లల కోసం రాసిన కథ. ఉన్న మాటే చెప్పాను. "అయితే నా ఓడకి కెప్టెన్ అమ్మాయే" అంది. అంత గొప్ప పుస్తకంలోని ఆ లోటును పద్నాలుగేళ్ల పిల్ల రెండు మాటల్లో పూడ్చేసుకుంది.

ఆ వారం నుంచి పటం పని మొదలైంది. ఈసారి నోట్సు వెనక కాదు, పెద్ద డ్రాయింగ్ షీటు మీద. కాగితం పాతదిలా కనిపించాలి కదా, టీ డికాషన్ కాచి అందులో ముంచింది. వేడివేడిగా ముంచేసరికి మెత్తబడి, ఎత్తబోతే నడిమికి చిరిగింది. రెండోసారి చల్లారనిచ్చి, షీటుని బల్ల మీద పరిచి పాత బనీను గుడ్డతో అద్దింది. ఆరాక చూస్తే మడతలు పడ్డచోట రంగు చిక్కబడి, నూరేళ్ల నాటి కాగితంలా ఉంది. అంచులు కొవ్వొత్తితో కాలిస్తే మంట అందుకుంటుందని అగరొత్తి వాడింది. నిప్పు తగిలినచోట అంచు గోధుమరంగు తిరిగి, నల్లబడి, మెల్లగా లోపలికి తింటూ వస్తుంది. తడివేలితో నొక్కితే ఆగిపోతుంది. ఇదంతా ఎవరూ నేర్పలేదు, తనే చేసి తెలుసుకుంది.

నేను నేర్పింది రెండే. ఒకటి స్కేలు. స్కేలు లేనిది బొమ్మ అవుతుందే గానీ పటం కాదు. రెండోది దిక్కుల చక్రం. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం, ఇంట్లో వంటగది ఎటు ఉండాలన్న మాటల్లో మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ వినే పేర్లివి. నావికుడి చక్రం మీద ఆ పేర్లు రాస్తుంటే వాళ్లకి ఒళ్లు పులకరించడం నేను చూశాను.

అప్పుడే ఆ పిల్లకి తట్టింది. "లేని దీవి ఎందుకు మేడమ్? మనం ఉన్నదీ దీవేగా!"

నిజమే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి ఈ నేలని చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది. ఒక పక్క హంసలదీవి, వేణుగోపాలస్వామి గుడి. సముద్రపు ఒడ్డున మడ అడవులు. ఏటిమొగ నుంచి పంటు ఎక్కితే ఎదురుమొండి. స్టీవెన్సన్ దీవి తొమ్మిది మైళ్ల పొడవు, అయిదు మైళ్ల వెడల్పు. మా దీవి దానికంటే చాలా పెద్దది. ఆ పిల్ల స్కూలు నుంచి కరకట్ట దాకా అడుగులు లెక్కపెట్టుకుంది. పాయల్లో ఎక్కడ ఎంత లోతో వాళ్ల నాన్న చెబుతుంటే రాసుకుంది. ఆయన నాకు ఎదురుపడితే, "రాత్రిళ్లు అన్నం తింటుంటే పెన్సిలు పట్టుకుని కూర్చుంటోందండీ, పోటుకెంత, పాటుకెంత అని" అని మురిసిపోయాడు.

ఒక ఆదివారం పటం పూర్తయిందంటే వాళ్లింటికి వెళ్లాను. వరండాలో చాప మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది. వాళ్ల నాయనమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడకి చదువు రాదు. ఏది ఎక్కడుందో చెప్పమంటే మనవరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. ఇది మన ఊరు, ఇది కాలవ, ఇది పెద్ద తుమ్మచెట్టు, ఇది సముద్రం. ఆవిడ ముందుకు వంగి చాలాసేపు చూసింది. ఆ తర్వాత తన వేలితో సముద్రం దగ్గర మొదలుపెట్టి, కాలవ దాటించి, ఊరు దాటించి, మెల్లగా లోపలికి తెచ్చింది.

"ఉప్పెన ఇటుగుండా వచ్చిందే. నాకప్పుడు పదహారేళ్లు. ఈ చెట్టే పట్టుకున్నాను."

1977 నవంబరు 19. దివిసీమలో వేలమందిని మింగిన రాత్రి. ఆ రాత్రి గురించి అమ్మ ఎప్పుడూ నోరు విప్పలేదని కొడుకు తర్వాత నాతో అన్నాడు. గుమ్మంలో నిలబడి ఉన్న అతను అలాగే కింద కూర్చుండిపోయాడు.

పిల్ల లేచి నీలం పెన్సిలు తెచ్చుకుంది. నాయనమ్మ వేలు ఎటు వెళితే దాని వెనకే గీత గీసింది. వేలు ఆగినచోట ఆగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"లోతెంత ఉందే నాయనమ్మా?"

ఆవిడ ఆ గీత వంక చూస్తూ రెండు చేతులూ మెల్లిగా పక్కకు చాపింది. చాపిన చేతుల్ని ఇటూ అటూ చూసుకుంది.

"రెండు బారలకి తక్కువ లేదమ్మా," అంది.

పిల్ల ఆ మాటే నీలం గీత పక్కన రాసుకుంది.