త్రీ ఆఫ్ స్వోర్డ్స్ వస్తే మూడో మనిషి ఉన్నట్టేనా? (చర్చ పూర్తి పాఠం)

యాంకర్: టారో అంటే బొమ్మల కార్డులు పరిచి చెప్పే జోస్యం. అలాంటి ఒక లైవ్ రీడింగ్‌లో త్రీ ఆఫ్ స్వోర్డ్స్ అనే కార్డు వచ్చింది. "మీ ఆయన జీవితంలో ఇంకొకరున్నారు" అని రీడర్ చెప్పేశారు. అడగడానికి వచ్చినామె ఆ రాత్రే ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ఆ వీడియో మీద ఇప్పుడు పెద్ద గొడవ నడుస్తోంది. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాం. మేడమ్, మీరూ టారో రీడరే కదా, సూటిగా చెప్పండి, మూడో మనిషి ఉన్నట్టా, లేనట్టా?

టారో రీడర్: ఆ ప్రశ్నే తప్పండి. కార్డులో ఏముంది? ఎర్రటి గుండె, అందులో దిగిన మూడు కత్తులు, వెనక మబ్బులు, వాన. మనిషే లేడు! 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ ఈ బొమ్మ గీసినప్పుడు...

హేతువాది: అసలు ఒక కార్డుకి...

టారో రీడర్: నన్ను పూర్తి చెయ్యనివ్వండి. గాయపడింది ఎవరు? అడగడానికి వచ్చిన మనిషి. ఆ బాధ గురించి మాట్లాడొచ్చు. ఎదురుగా లేని భర్త ఏం చేశాడో ఈ బొమ్మ చూసి ఎలా చెప్తారు?

యాంకర్: కానీ మూడు కత్తులు కదా, ముగ్గురు మనుషులని చాలామంది రీడర్లే అంటున్నారు.

టారో రీడర్: అంటున్నారు, అందుకే కాపురాలు కూలుతున్నాయి! స్మిత్‌తో ఈ కార్డుల సెట్ గీయించిన వెయిట్ ఈ కార్డుకి రాసిన అర్థాల్లో ఎడబాటు ఉంది, ఆలస్యం ఉంది, చీలిక ఉంది. ఆ వీడియోలో ఇది మొదటి స్థానంలో పడింది. అది గతం అని ఆ రీడరే ముందు చెప్పారు. భవిష్యత్తు అన్న మూడో స్థానంలో టూ ఆఫ్ కప్స్ ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కప్పులు పట్టుకున్న కార్డు అది. దాని గురించి ఒక్క మాటైనా అన్నారా?

కౌన్సెలర్: ఆమె ముందే అనుమానంతో వచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు ఏ కార్డు వచ్చినా...

యాంకర్: అంటే మూడో మనిషి ఉన్నారనేగా?

కౌన్సెలర్: కాదండి, నేనన్నది అది కాదు. భర్తతో ఒకసారి మాట్లాడమని చెప్పాల్సింది...

హేతువాది: 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇది పేకాట. జోస్యంగా వాడుక పెరిగింది 18వ శతాబ్దంలో. కలిపి పరిచిన 78 కార్డుల్లో ఏది పైకొచ్చినా...

టారో రీడర్: పేకాటగా పుట్టిందని నేనూ చెప్తాను, దాచేదేముంది? గుండెలో మూడు కత్తుల బొమ్మ 15వ శతాబ్దం చివర్లో ఇటలీలో చేసిన సోలా బుస్కా అనే టారో కార్డుల్లోనే ఉంది.

హేతువాది: బొమ్మ పాతదైతే మాత్రం నిజమైపోతుందా?

టారో రీడర్: నిజమని ఎవరన్నారు? మీరు వినడం లేదు!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఒక్కరొక్కరుగా, ప్లీజ్! మేడమ్, అదే కార్డు తలకిందులుగా వస్తే మూడో మనిషి వెళ్లిపోయినట్టా?

టారో రీడర్: మళ్లీ అదే! తలకిందులైతే గాయం మానుతోందనో, లోపలే దాచుకున్నారనో చదువుతారు. ఏదో ఆమెనే అడిగి తెలుసుకోవాలి. "మీకు ఏ మాట గుచ్చుకుంది?" అని అడిగితే సగం రీడింగ్ అక్కడే అయిపోతుంది.

కౌన్సెలర్: నేనూ ఇందాక అదే...

యాంకర్: సమయం లేదండీ. చివరిగా మేడమ్, ఉన్నట్టా, లేనట్టా?

టారో రీడర్: కార్డు చెప్పదు అంటున్నాను కదా! ఇంకో సంగతి, కత్తులంటే మాటలు కూడా, కాబట్టి...

హేతువాది: నాకు రెండు నిమిషాలు ఇస్తామన్నారు!

యాంకర్: వచ్చే చర్చలో తప్పకుండా ఇస్తాం. మేడమ్, మీరు కానివ్వండి.