కుట్టుమిషన్ ఎక్కడ పెట్టుకోమంటారు?

(మహిళా దినోత్సవం నాడు హైదరాబాద్‌లో ఒక కాలనీ సంక్షేమ సంఘం, దాని సేవా ట్రస్టు కలిసి జరిపిన సభలో ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే. కానీ అధ్యక్షులవారు నాకిచ్చింది ఇరవై నిమిషాలు, ఆహ్వాన పత్రికలో పేర్లు చదివితే అందులో ఐదు అయిపోతాయి. మన్నించండి.

సభ చివర కుట్టుమిషన్ల పంపిణీ ఉందని రాశారు. ఇచ్చేవారి మనసును తప్పు పట్టను. ఒక్కటే అడుగుతాను, తీసుకునే ఆమె దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది? పదడుగుల గది. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఒక మూల బియ్యం డబ్బా, పరుపు చుట్ట, పిల్లల పుస్తకాల సంచులు. కాలితో తొక్కే మిషనైతే కింది పోర్షన్ వాళ్లు చప్పుడంటారు. మోటారు బిగిస్తే సబ్‌మీటర్ తిరుగుతోందని ఓనర్ అడుగుతాడు. రెండు నెలల అద్దె ఆగిందంటే ఆ ఇంట్లో ముందుగా అమ్ముడుపోయేది ఆ మిషనే. మనం కట్టిన రిబ్బన్ ముడి కూడా విప్పి ఉండరు.

ఆడవాళ్లకు సాయం అనగానే మనకు మిషను, చీర, బియ్యం సంచి గుర్తొస్తాయి. వాటితో ఫొటో దిగొచ్చు. అద్దెతో ఫొటో దిగడం కుదరదు. అందుకే అద్దెకు ఎవరూ డబ్బు ఇవ్వరు. నేను ఇక్కడికి వచ్చింది ఆ అద్దె సంగతి మాట్లాడటానికే.

ఒక లెక్క వేద్దాం. నెలకు 6,000 అద్దె అనుకోండి. నాలుగిళ్లలో పాచిపని చేసే ఆమె, భర్త వదిలి వెళ్లిపోయాడు, బిడ్డకు జ్వరం వచ్చి నెలరోజులు పనికి పోలేదు. రెండు నెలల బాకీ, 12,000. ఆ డబ్బు దొరక్క ఖాళీ చేసిందనుకోండి. పాత అడ్వాన్సు బాకీ కింద పోతుంది. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోయడం మన ఊరి ఆచారం, అది 6,000. కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్సు 12,000, ముందు నెల అద్దె 6,000, బ్రోకర్‌కు సగం నెల 3,000, ట్రాలీ ఆటోకు ఓ 2,000. మొత్తం 29,000. పన్నెండు వేలు లేని మనిషి ఇరవై తొమ్మిది వేలు ఎక్కడ తెస్తుంది? వడ్డీకి. నూటికి నెలకు ఐదో పదో. ఇంకోటి ఈ లెక్కలోకి రాదు. ఆమె పనిచేసే ఇళ్లకు నడిచి వెళ్తుంది. నాలుగు కిలోమీటర్ల అవతల చవగ్గా గది దొరికితే పొద్దున ఆరింటికి చేరలేదు, ఆ నాలుగిళ్లలో రెండు పోతాయి. ఇల్లు పోయినందుకు పని పోతుంది, పని పోయినందుకు తర్వాతి ఇల్లూ పోతుంది.

ప్రభుత్వం ఇవ్వదా అంటారు. ఇస్తుంది. తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 పెన్షన్ మొదలుపెట్టారు, 2019లో 2,016 అయింది. మన కాలనీ వెనక సందులో ఆ డబ్బుకు ఏ గదైనా ఇస్తారేమో మీరే చెప్పండి. ఇందిరమ్మ ఇళ్లు ఆడవాళ్ల పేరునే ఇస్తున్నారు, మంచిదే. సొంత జాగా ఉంటే 5 లక్షలు. అద్దె గదిలో ఉన్నామెకు జాగా ఎక్కడిది?

ఇప్పుడు చట్టం సంగతి. ఓనర్లు కూడా వినండి, ఇక్కడ సగంమంది మీరే. హైదరాబాద్‌లో నెలకు 3,500 దాటిన అద్దెకు అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. అంటే ఇవాళ దాదాపు ఏ ఇంటికీ వర్తించదు. అలాగని ఓనర్ ఇష్టారాజ్యం కాదు. నెలనెలా అద్దె మీద ఉన్నవాళ్లకు, అగ్రిమెంటులో వేరే గడువు లేకపోతే, పదిహేను రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు ముగిసిందంటే సామాను వీధిలో పడేయొచ్చని కాదు, కోర్టుకు వెళ్లొచ్చని. తాళం వేయడం, కరెంటు తీయడం, నీళ్లు ఆపడం, ఇవన్నీ దౌర్జన్యమే. అలా వెళ్లగొడితే ఆరు నెలల్లోపు సివిల్ కోర్టులో దావా వేసి తిరిగి స్వాధీనం అడగొచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు, ఎవరు ఉంటున్నారన్నదే ప్రశ్న.

ఉంటున్నట్టు రుజువేది? చిక్కంతా ఇక్కడే. అగ్రిమెంటు ఉండదు, ఉంటే భర్త పేరున ఉంటుంది. అతను వెళ్లిపోయిన రోజు నుంచి కాగితం మీద ఆమె ఎవరూ కాదు. అందుకే అద్దె ఆమె ఫోన్ నుంచి, ఆమె ఖాతా నుంచి వెళ్లాలి. నగదే కావాలంటే రసీదు తీసుకోవాలి, 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. గ్యాస్ డెలివరీ రసీదులు, స్కూల్ అడ్మిషన్ కాగితం, ఆధార్‌లో చిరునామా, ఇవన్నీ ఫొటోలు తీసి ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచాలి. కొందరు ఓనర్లు బాకీ చూపించడానికి అద్దె తీసుకోవడమే మానేస్తారు. అప్పుడు కూడా ఖాతాకు పంపి మెసేజ్ దాచుకోవాలి.

స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మ్యాటరమ్మా" అంటారు. అక్కడితో ఆగిపోకూడదు. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. తెల్లకార్డు చూపించాలని, ఆదాయ సర్టిఫికెట్ కావాలని ఎవరైనా తిప్పుతుంటే మన ట్రస్టు మనిషి ఒకరు పక్కన నిలబడితే చాలు. ఆ నిలబడటానికి ఖర్చు లేదు.

వెళ్లగొట్టేది ఓనర్ కాకుండా భర్తో అత్తమామలో అయితే దారి వేరు. 2005 గృహహింస చట్టం 17, 19 సెక్షన్లు. ఆ ఇంట్లో ఆమెకు వాటా ఉందా లేదా అన్నది అనవసరం, ఉండే హక్కు ఉంది. ఇల్లు మామగారి పేరున ఉన్నా ఈ హక్కు ఉంటుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు సతీశ్ చందర్ అహూజా కేసులో తేల్చింది. భర్త పోయినామె కూడా అడగొచ్చని 2022లో ప్రభా త్యాగి కేసులో చెప్పింది. ఉండలేని పరిస్థితి అయితే వేరే ఇల్లు చూపమని, అద్దె కట్టమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. దరఖాస్తు వేసిన మూడు రోజుల్లో మొదటి వాయిదా ఉండాలని చట్టం అంటుంది. ఆచరణలో జరుగుతుందా అంటే, వెంటపడితే కొంత జరుగుతుంది. అవతలివాళ్లు రాకముందే మధ్యంతర ఉత్తర్వు అడిగే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. దాన్ని అడగమని లాయర్‌కు చెప్పాలి, చాలాసార్లు మర్చిపోతారు.

ఇక్కడ మన పెద్దమనుషులతో నాకో పేచీ ఉంది. "కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అంటారు. ఆమె వెళ్తుంది. వారంలో తాళం మారుతుంది. ప్రాణానికి ముప్పుంటే వెళ్లాల్సిందే, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాల్సిందే. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా ఉండనిస్తారు, తర్వాత శక్తి సదన్ అనే ఆశ్రయ గృహానికి పంపుతారు. ముప్పు లేనప్పుడు మాత్రం ముందు దరఖాస్తు, తర్వాతే ప్రయాణం.

నేను చెప్పాలనుకున్న వరస ఇది కాదు గానీ, ఒకటి అడగకుండా ముందుకు పోలేను. అద్దె ఇంట్లో చావు. గాంధీలోనో ఉస్మానియాలోనో భర్త పోతాడు. ఇంకా మార్చురీ దగ్గరే ఉండగా ఫోన్ వస్తుంది: "ఇంటికి తేవద్దు." శవాన్ని అటునుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లాలి, లేదా రోడ్డు పక్కన టెంటు వేయాలి. ఇలాంటి వార్తలు మన పేపర్లలో రాని ఏడాది ఉందా? దినాలు కాగానే ఆమెను ఖాళీ చేయమంటారు, ఇంట్లో మైల అని. భర్తా పోయి, ఇల్లూ పోయి, పదమూడో రోజున టు-లెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరగాలి. బొట్టు లేని ఒంటరి ఆడమనిషికి ఇల్లు ఇచ్చేదెవరు?

ఇక్కడ ట్రస్టు చేయగల పని ఉంది. శవం ఆసుపత్రి నుంచి కదలకముందే ఇద్దరు వెళ్లి ఓనర్‌తో మాట్లాడాలి. అందులో ఒకరు వయసులో పెద్దవారై ఉండాలి. చట్టం చదవొద్దు, ఆ గంటలో అది పని చేయదు. ఫ్రీజర్ బాక్సు, షామియానా మేం చూసుకుంటాం, శుద్ధికి, పుణ్యాహవాచనానికి అయ్యే ఖర్చు మేం పెడతాం, ఆ నెల అద్దె ఇవాళే పంపుతాం అనాలి. మైలకు డబ్బు కట్టడమేమిటని మీలో కొందరికి కోపం రావచ్చు. నాకూ ఇష్టం లేదు. కానీ మనం సిద్ధాంతం మాట్లాడుతుంటే ఆమె ఫుట్‌పాత్ మీద కూర్చుని ఉంటుంది. ఓనర్లందరూ దుర్మార్గులు కూడా కాదు. రెండు పోర్షన్ల అద్దెతో బతికే ముసలమ్మలు ఎంతమంది ఓనర్లు ఈ వీధుల్లో! వాళ్ల భయం ఆ ఇంటికి మళ్లీ ఎవరూ రారేమోనని. ఆ భయానికి జవాబు చెప్పి డబ్బు చేతిలో పెడితే చాలామంది మెత్తబడతారు.

అసలు ఈ హాలే ఉంది. పెళ్లిచూపులకు, పుట్టినరోజులకు ఇస్తున్నాం కదా. వరండా, ఆవరణ ఒక్కరోజు అద్దెదారుల ఇంటి చావుకు తెరుస్తామని సంఘం తీర్మానం చేయకూడదా? సెక్రటరీ గారు తల ఊపుతున్నారు. అవునో కాదో తర్వాత అడుగుతాను.

ఈ అద్దె సాయానికి ట్రస్టు ఒక నిధి పెట్టాలి. దాన్ని ఎలా నడపాలో చెప్పి ముగిస్తాను. మూడు లక్షలతో మొదలుపెట్టి, ఇంటికి 15,000 మించకుండా ఇస్తే ఇరవై కుటుంబాలు. బాకీ తీర్చడానికి ఇచ్చేది అప్పుగా ఇవ్వొద్దు, ఇప్పటికే ఆమెకు అప్పులున్నాయి. కొత్త ఇంటి అడ్వాన్సు మాత్రం వేరు. అది ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చే డబ్బు కనుక, ట్రస్టుకే తిరిగివ్వాలని ఓనర్‌తో అగ్రిమెంటులో రాయించాలి. డబ్బు నేరుగా ఓనర్ ఖాతాకే వెళ్లాలి. భర్త ఖాతాకు వద్దే వద్దు. ఒకరికి రోజులో 10,000 మించి నగదు ఇస్తే ట్రస్టు లెక్కల్లో ఆ ఖర్చును ఆదాయపు పన్ను వాళ్లు ఒప్పుకోరు.

ఎక్కువగా చెడేది ఇక్కడ: ఓనర్ బాకీ మొత్తం తీసుకుని, వచ్చే నెలే ఖాళీ చేయమంటాడు. కాబట్టి డబ్బు పంపే ముందే, అద్దె సరిగా కడుతున్నంతవరకు ఆరు నెలలు అడగనని రాత తీసుకోవాలి. స్టాంపు పేపర్ మీద, ఇద్దరు సాక్షులతో, ఆమె పేరు అద్దెదారుగా రాసి. సంతకం పెట్టనంటే అక్కడ డబ్బు పోయకుండా, అదే సొమ్ముతో దగ్గర్లో ఇంకో గది చూడటం మేలు.

రెండో చిక్కు ఆలస్యం. మీ కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. గది తాళం అంతవరకు ఆగదు. ఇద్దరికి సంతకం అధికారం ఇవ్వండి, అందులో ఒకరు ఆడవారై ఉండాలి. రెండు రోజుల్లో తేల్చాలి, లెక్క తర్వాత కమిటీ ముందు పెట్టాలి. అర్జీ ఒక్క పేజీ చాలు. కుల ధ్రువీకరణ, ఎమ్మెల్యే సిఫారసు అడగొద్దు. ఆమె పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఓనర్ కూడా ఆ గ్రూపులోనే ఉంటాడు, వెతుకుతున్న భర్త కూడా ఉండొచ్చు.

మీ పిల్లలు అమెరికాలో ఉన్నారు, పంపుతామంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారు సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. పౌరసత్వం మారితే, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మన ట్రస్టు రూపాయి కూడా తీసుకోకూడదు. ఉత్సాహంలో ఈ తప్పు చేయకండి.

ఇరవై నిమిషాలు దాటింది, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెక్రటరీ గారూ, తీర్మానాల పుస్తకం తెప్పించండి. హాలు విషయం ఒకటి, సంతకందారులు ఇద్దరి పేర్లు రెండు. మిషన్ల పంపిణీకి ముందే అవి రాసేద్దాం. ప్రశ్నలుంటే ఓనర్లు ముందు అడగండి.