కప్పుల లెక్కకు అందని కెఫీన్

శ్రోతలకు నమస్కారం. రోజుకు ఎంత కెఫీన్ తీసుకుంటున్నారని ఎవరినైనా అడిగితే, "రెండు కప్పుల కాఫీ, అంతే" అన్న జవాబే తరచుగా వినిపిస్తుంది. నేనూ చాలాకాలం అదే చెప్పుకుంటూ వచ్చాను. ఒకరోజు నా కాఫీ కప్పును అంచుదాకా నీళ్లతో నింపి, ఆ నీళ్లను కొలపాత్రలో పోసి చూస్తే అవి 350 మిల్లీలీటర్ల గీతను తాకాయి. పోషకాహార పట్టికల్లో కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు. పొడి మీద వేడినీళ్లు పోసి వడగట్టిన అంత కాఫీలో, పాలు కలపకముందు, దాదాపు 95 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆ లెక్కన నా ఒక్క కప్పులోనే 140 మిల్లీగ్రాముల దాకా ఉందన్నమాట. నేను రెండు అనుకున్నవి నిజానికి మూడు.

గింజను బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. అరబికా గింజలతో పోలిస్తే రోబస్టా గింజల్లో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. నల్లగా వేయించిన కాఫీ చేదుగా ఉంటుంది కాబట్టి అందులో కెఫీన్ ఎక్కువని చాలామంది నమ్ముతారు గానీ, ఆ చేదు చాలావరకు వేపుడు వల్ల వచ్చినదే. టీ సంగతి మరీ విచిత్రం: తూకానికి తూకం చూస్తే తేయాకులోనే సాధారణంగా కెఫీన్ ఎక్కువ, అయినా కప్పుకు వేసే ఆకు తక్కువ కాబట్టి 240 మిల్లీలీటర్ల టీలో దాదాపు 47 మిల్లీగ్రాములే ఉంటుంది.

ఇక మనం లెక్కలోకే తీసుకోనివి ఉన్నాయి. 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 34 మిల్లీగ్రాములు, 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకులో సాధారణంగా 80 మిల్లీగ్రాములు ఉంటాయి. చాక్లెట్‌లోనూ, కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ, ఆఖరికి కెఫీన్ తీసేశామని అమ్మే కాఫీలోనూ ఎంతో కొంత ఉంటుంది.

ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు ఆందోళన అక్కర్లేదని, గర్భిణులు మాత్రం 200 దాటకుండా చూసుకోవాలని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. అయితే ఈ మొత్తంతో పాటు, దాన్ని ఏ వేళలో తీసుకుంటున్నామన్నది కూడా చూడాలని నా అభిప్రాయం. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పేరుకుంటూ నిద్రమత్తు తెచ్చే అడెనోసిన్‌కు కెఫీన్ అడ్డుపడుతుంది. అలసటను తీర్చదు, అది మనకు తెలియకుండా చేస్తుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి పెద్దల్లో సగటున 5 గంటలు పడుతుంది, గర్భిణుల్లో ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. అంటే సాయంత్రం 4 గంటలకు నేను తాగిన ఆ 140 మిల్లీగ్రాముల్లో రాత్రి 9 గంటలకు 70 మిగులుతాయి. తెల్లవారుజామున 2 గంటలకు, నేను పక్క మీద అటూ ఇటూ దొర్లుతున్నప్పుడు, ఒక కోలా డబ్బాలో ఉండేంత కెఫీన్ నాలో ఇంకా మిగిలే ఉంటుంది.