శాన్ సిరో: నూరేళ్ల స్టేడియం, కూల్చివేత ఒప్పందం

నమస్కారం. మిలాన్‌లో ఉంటూ శాన్ సిరో చూపించకపోతే ఎలాగని బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నందువల్ల ఈ ఆదివారం వీడియోను ఆ స్టేడియానికే కేటాయించాను. ఐదో నంబరు మెట్రో దిగి పైకి రాగానే ముందుగా కళ్లబడేవి పైకప్పును మోస్తున్న భారీ ఎర్ర దూలాలు, ఆ తరువాత చుట్టూ నిలబడిన 11 గుండ్రటి కాంక్రీటు స్తంభాలు.

ఇక్కడి వింత ఏమిటంటే, బద్ధ ప్రత్యర్థులైన ఏసీ మిలాన్, ఇంటర్ ఫుట్‌బాల్ క్లబ్బులు రెండూ దశాబ్దాలుగా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. మిలాన్ క్లబ్బు అధ్యక్షుడు పియెరో పిరెల్లీ తన జట్టు కోసం గుర్రప్పందేల మైదానం పక్కన దీన్ని కట్టించగా, 1926 సెప్టెంబర్ 19న జరిగిన తొలి మ్యాచ్‌లోనే ఇంటర్ 6-3తో గెలిచి, గృహప్రవేశం నాడే ఇంటివారిని ఓడించింది. 1935లో స్టేడియం నగరపాలక సంస్థ చేతికి వెళ్లింది, 1947లో ఇంటర్ కూడా ఇక్కడికే వచ్చి చేరింది. రెండు జట్లకూ ఆడిన జుసెప్పే మెయాట్సా పేరును 1980లో స్టేడియానికి పెట్టినా, ఆయన కీర్తి ప్రధానంగా ఇంటర్‌తో ముడిపడినది కాబట్టి మిలాన్ అభిమానులు పాత పేరును వదలలేదు.

కెమెరాను కొంచెం దగ్గరగా తీసుకువెళుతున్నాను, గోడ చుట్టూ వాలుగా పైకి సాగే ఈ దారులను చూడండి. 1955లో ప్రేక్షకులు కూర్చునే రెండో శ్రేణి (అంతస్తు) కట్టినప్పుడు వచ్చినవి ఇవే. మ్యాచ్ రోజున వేలమంది వీటి మీదుగా నెమ్మదిగా ఎక్కుతుంటే దూరం నుంచి స్టేడియమే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. 1990 ప్రపంచ కప్ కోసం మూడో శ్రేణి, పైకప్పు చేర్చిన తరువాత అందం పెరిగింది గాని, ఎండా గాలీ సరిగా అందక గడ్డి మాత్రం ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టింది. ఆ మూడో శ్రేణిలో కూర్చుని మ్యాచ్ చూస్తే చుట్టూ డెబ్బై వేల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ హోరులో తెలుగులో ఒక్క కేక వేద్దామన్నా పక్కన అందుకునేవారు ఉండరు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇటలీలో ప్రభుత్వ ఆస్తిగా ఉన్న కట్టడానికి డెబ్బై ఏళ్లు నిండితే వారసత్వ రక్షణ వర్తించి, కూల్చడం దాదాపు అసాధ్యమవుతుంది. 2025 నవంబర్‌లో రెండో శ్రేణికి ఆ వయసు నిండబోతుండగా, సెప్టెంబర్ 30 తెల్లవారుజామున నగర మండలి 24-20 ఓట్లతో స్టేడియాన్ని క్లబ్బులకు అమ్మడానికి ఒప్పుకుంది, నవంబర్ 5న రెండు క్లబ్బులూ సంతకాలు చేశాయి. ధర 19.7 కోట్ల యూరోలు. యూరో నూరు రూపాయలనుకున్నా దాదాపు రెండు వేల కోట్లు. ఒక పుట్టినరోజును తప్పించుకోవడానికి ఇంత పరుగు పెట్టడం నాకు నవ్వు తెప్పించింది, కొంత చిరాకు కూడా కలిగించింది.

క్లబ్బుల వాదనను కొట్టిపారేయలేము. ఖరీదైన ప్రత్యేక గదులు, కొత్త వసతులు లేని అద్దె మైదానంతో యూరప్‌లోని ఇతర పెద్ద జట్ల ఆదాయాన్ని అందుకోవడం వారికి కష్టమే. పైగా మరమ్మతుల సంగతి తేలలేదన్న కారణంగానే యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ 2027 ఫైనల్ మిలాన్ చేజారి మాడ్రిడ్‌కు వెళ్లిపోయింది. అందుకే పక్కనున్న స్థలంలో 71,500 మంది పట్టే కొత్త స్టేడియం కట్టి, ఇటలీ, టర్కీ కలిసి నిర్వహించే 2032 యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్) పోటీలకు సిద్ధం చేయాలన్నది ప్రణాళిక. దాని తరువాత పాతదానిలో రెండో శ్రేణికి చెందిన కొంత భాగాన్ని మాత్రమే ఉంచి మిగిలినదంతా పడగొడతారట.

ఇరుగుపొరుగువారు కొందరు ఇంకా వ్యతిరేకిస్తూనే ఉన్నారు. ఇక్కడి ప్రణాళికలు ఎన్నోసార్లు వాయిదా పడ్డాయి కనుక ఈ తేదీని కూడా నేను పూర్తిగా నమ్మడం లేదు. కొత్తది పూర్తయ్యేదాకా ఆటలు ఇందులోనే జరుగుతాయి కాబట్టి, బాబాయ్, వీసా పని త్వరగా మొదలుపెట్టండి.