లాడ్జి రూమ్ నంబర్ 203: తప్పు ఎక్కడ ఆగుతుంది, నేరం ఎక్కడ మొదలవుతుంది

[తెర మీద: మూసిన తలుపు, పైన 203 అంకె]

"పెళ్లి కాకుండా లాడ్జిలో దొరికితే కేసే." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. ఏ సెక్షన్ కింద? నంబర్ చెప్పండి చాలు. ఎవరూ చెప్పరు. ఉంటే కదా చెప్పడానికి!

ఇంట్లో పెద్దావిడ అంటే పోనీలే అనుకోవచ్చు. లాడ్జి నడిపేవాళ్లూ, డిగ్రీలున్నవాళ్లూ, అప్పుడప్పుడూ ఖాకీ వేసుకున్నవాళ్లూ అదే అంటారు. మన భాషలో తప్పు, పాపం, నేరం అని మూడు మాటలు విడివిడిగా ఉన్నాయి. తప్పో కాదో ఇంట్లోవాళ్లు తేలుస్తారు. పాపం సంగతి పైవాడు చూసుకుంటాడు. నేరం అనాలంటే మాత్రం అచ్చులో సెక్షన్ ఉండాలి. పరువు మాట వచ్చేసరికి ఈ మూడింటినీ కలిపి ఒకే మూట కట్టేస్తాం. ఆ మూట ఇవాళ విప్పుదాం.

దీనికి ఒక్క గది చాలు. రూమ్ 203. గది మారదు, లోపల ఒక్కొక్క సంగతే మారుస్తూ పోదాం. చట్టం ఎప్పుడు తలుపు తడుతుందో చూడండి.

మొదట మామూలు 203. ఇద్దరికీ పద్దెనిమిది దాటాయి, పెళ్లి కాలేదు, ఇష్టపడే వచ్చారు, తలుపు వేసుకున్నారు. నేరం ఏమీ లేదు. 2019లో మద్రాసు హైకోర్టుకి అచ్చం ఇలాంటి గొడవే వెళ్లింది. కోయంబత్తూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌ని అధికారులు సీల్ చేశారు. చెప్పిన కారణాల్లో ఒకటి, పెళ్లికాని జంట ఒక గదిలో ఉండటం. పెళ్లికాని ఇద్దరు పెద్దవాళ్లు హోటల్ గదిలో ఉండకూడదని ఏ చట్టమూ చెప్పడం లేదని కోర్టు తేల్చి, సీల్ తీయమంది. అంతకుముందే, 2010లో, నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు అసలు సంగతి చెప్పేసింది. పెళ్లికి ముందు సంబంధాల గురించి ఆవిడ ఒక అభిప్రాయం చెప్పినందుకు 23 ఫిర్యాదులు దాఖలయ్యాయి. అభిప్రాయానికి! కోర్టు అన్నీ కొట్టేసింది. నీతి, నేరం ఒకదానికొకటి కొలతకు కొలత సరిపోవు అన్నది ఆ తీర్పు సారం.

మరి రిసెప్షన్‌లో మేనేజర్ ఎందుకు జడుస్తాడు? ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. పత్రికల్లో 'పీటా కేసు' అని చదువుతుంటారు చూడండి, అది వ్యభిచార వ్యాపారాన్ని అడ్డుకోవడానికి వచ్చిన 1956 నాటి అక్రమ రవాణా నిరోధక చట్టం. అందులో ఏడో సెక్షన్ ప్రకారం, హోటల్ వాళ్లు తెలిసీ వ్యభిచారానికి చోటిచ్చారని రుజువైతే హోటల్ లైసెన్సును మూడు నెలల నుంచి ఏడాది దాకా సస్పెండ్ చేయొచ్చు. ఆయనకు మీ ప్రేమతో పేచీ లేదు, ఆయన చూసేది లైసెన్సు. అందుకే లోకల్ ఆధార్ చూడగానే "గదుల్లేవు సార్" అంటాడు. అది ఆ హోటల్ పెట్టుకున్న సొంత నియమం. గది ఇవ్వననడం వేరు, గదిలో ఉండటం నేరం అనడం వేరు. కావాలంటే ముందే ఫోన్ చేసి "పెళ్లికాని జంటకి, లోకల్ ఐడీకి ఇస్తారా" అని అడిగేయండి, రిసెప్షన్‌లో చిన్నబోవడం తప్పుతుంది. ఇద్దరి గుర్తింపు కార్డులూ ఇవ్వండి, ఇద్దరి పేర్లూ రిజిస్టర్‌లో రాయించండి. ఒక్కరి పేరు మీద తీసుకుని రెండోవాళ్లని వెనక మెట్ల మీంచి తీసుకెళ్లడమే లేనిపోని అనుమానానికి దారి. దొంగ ఐడీ అయితే అదే ఒక కొత్త నేరం.

సరే, తలుపు తట్టారు. పోలీసులు. పీటా కింద వారెంట్ లేకుండా సోదా చేయాలంటే చట్టం కొన్ని షరతులు పెట్టింది. వచ్చిన ప్రత్యేక పోలీసు అధికారి ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గకూడదు. వారెంట్ తెచ్చేంత వ్యవధి ఎందుకు లేదో ముందే రాసిపెట్టాలి. సాక్షులుగా ఇద్దరు మధ్యవర్తులుండాలి, వాళ్లలో ఒకరు మహిళ. కనీసం ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. లోపలున్న ఆడమనిషిని మహిళే ప్రశ్నించాలి. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు, చేతిలో వీడియో తీస్తున్న ఫోను... ఇది సోదా కాదు, ఇంకేదో.

అప్పుడు ఏం చేయాలి? ఐడీ చూపించండి, వయసు చెప్పండి, "ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు" అని మర్యాదగానే అడగండి. గొంతు పెంచారంటే విధులకు ఆటంకం అని ఇంకో కేసు కడతారు, ఆ చాన్సు ఇవ్వకండి. తెల్ల కాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఆడవాళ్లని అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి ముందే తెచ్చుకోవాలి. అరెస్టంటూ జరిగితే కారణం చెప్పాలి, మీరు చెప్పిన మనిషికి కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇక "మీ నాన్నకి ఫోన్ కొడతాం" అనేది ఏ చట్టంలోనూ లేని శిక్ష. పైగా అన్నిట్లోకీ బాగా పనిచేసే శిక్ష అదే. లంచం అడిగేవాడి చేతిలో ఆయుధం కూడా అదే. సెక్షన్ లేనిచోట పరువే సెక్షన్.

203లోంచి ఇద్దరూ పార్కులోకి వస్తే? బీఎన్‌ఎస్ 296 ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి వచ్చిన భారతీయ న్యాయ సంహితే బీఎన్‌ఎస్. బహిరంగ స్థలంలో, ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలమైన పని చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బహిరంగ స్థలం, అశ్లీలం, ఇబ్బంది: మూడూ ఉండాలి. చేతులు పట్టుకు కూర్చుంటే అశ్లీలం అయిపోదు. ఫిబ్రవరి 14న పూలదండలు పట్టుకుని బలవంతపు పెళ్లిళ్లు చేయడానికి తిరిగేవాళ్లున్నారే, నేరం చేసేది వాళ్లే. అడ్డగించడం, బెదిరించడం, ఈ రెండింటికీ సెక్షన్లు భేషుగ్గా ఉన్నాయి.

ఇప్పుడు 203లోకి డబ్బు వచ్చింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. పెద్ద వయసు మనిషి తనంత తాను సెక్స్ వర్క్ చేయడాన్ని మన చట్టం నేరమనలేదు. దాని చుట్టూ ఉన్న దాదాపు ప్రతిదాన్నీ నేరం చేసింది: వ్యభిచార గృహం నడపడం, ఆ సంపాదన మీద బతకడం, మనుషుల్ని తార్చడం, వీధిలో పిలవడం, గుడికో బడికో ఆసుపత్రికో 200 మీటర్ల లోపు ఆ పని చేయడం. ఇల్లు ఉంది కానీ గుమ్మం లేదన్నట్టు. 2022 మే 19న సుప్రీంకోర్టు, ఈ పనిలో ఉన్నవాళ్లని పోలీసులు మర్యాదగా చూడాలి, తిట్టొద్దు, కొట్టొద్దు, రైడ్లప్పుడు వాళ్ల ఫొటోలు మీడియాలో రాకూడదు అని చెప్పింది. అయినా ముఖానికి చున్నీ కప్పుకున్న ఫొటో లేకుండా వార్త రావడం మీరెప్పుడైనా చూశారా?

డబ్బు తీసేద్దాం. వయసు మారుద్దాం. ఈ వీడియోలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

203లో అమ్మాయికి 17 ఏళ్ల 11 నెలలు. అబ్బాయికి 20. ఇద్దరికీ ఇష్టమే, ఇంట్లో చెప్పే వచ్చారనే అనుకుందాం. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. ఇష్టం లెక్కలోకి రాదు. లైంగిక చర్య జరిగితే నాలుగో సెక్షన్ కింద కనీస శిక్ష పదేళ్లు. పదహారు లోపు వయసైతే ఇరవై. జడ్జికి జాలి కలిగినా ఆ కనీసం కంటే తగ్గించే వీల్లేదు. అమ్మాయి బోనెక్కి "నేనే రమ్మన్నాను" అన్నా మారేదేమీ లేదు. ఇద్దరూ మైనర్లయితే అబ్బాయి జువెనైల్ బోర్డు ముందుకి వెళ్తాడు.

ఈ గీత ఎప్పుడూ ఒక్కచోటే లేదు సుమా. పెళ్లికి బయట సమ్మతి వయసు 1860లో పదేళ్లు, అవును పదే. 1891లో పన్నెండు, 1925లో పద్నాలుగు, 1940లో పదహారు. 2012లో పోక్సో వచ్చి పద్దెనిమిది చేసింది. పిల్లల్ని కాపాడటానికి వచ్చిన చట్టమే, అందులో అనుమానం లేదు. కాకపోతే కులం వేరని కోపంతో ఉన్న తండ్రికీ అదే చేతికందింది. పదిహేడేళ్ల ప్రేమని, పసిపిల్ల మీద అఘాయిత్యాన్ని ఒకే తక్కెట్లో తూచడం సరికాదనే నేననుకుంటాను. చట్టం మారేదాకా మాత్రం గీత పద్దెనిమిదే.

వయసు ఎలా తేలుస్తారు? ఆధార్ చూసి ధైర్యపడకండి. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం మొదట స్కూలు సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన ఊళ్లలో బడిలో వేసేటప్పుడు మాస్టారు నోటికొచ్చిన తేదీ రాసిన కథలు కోకొల్లలు. అసలు పుట్టినరోజుకి పద్దెనిమిది నిండినా టెన్త్ మెమో పదిహేడు అంటే, ముందు చూసేది మెమోనే.

ఇంకో తిరకాసు. అమ్మాయికి 18, అబ్బాయికి 19. పెళ్లి చేసుకోవాలంటే అబ్బాయికి 21 ఉండాలి. కానీ కలిసి ఉండొచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఈ మాట నేరుగానే చెప్పింది. అంటే ఆ రెండేళ్లు వాళ్లకి సహజీవనం చట్టం ఒప్పుకున్న దారి, పెళ్లి ఒప్పుకోని దారి. "ముందు పెళ్లి చేసుకోండి, తర్వాత ఏమైనా చేసుకోండి" అనేవాళ్లకి ఇది చెప్తే ముఖం చూడాలి!

మేజర్ అమ్మాయి ఇంట్లోంచి వచ్చేస్తే ఇంటివాళ్లు మిస్సింగ్ కేసు పెడతారు, కొందరు కిడ్నాప్ అని రాస్తారు. దాక్కోవడం పెద్ద పొరపాటు. దాక్కున్నన్నాళ్లూ ఆ కేసు నడుస్తూనే ఉంటుంది, అబ్బాయి ఇంటి మీద పోలీసులు పడుతూనే ఉంటారు. టెన్త్ మెమో పట్టుకుని స్టేషన్‌కో మేజిస్ట్రేటు దగ్గరికో వెళ్లి "ఇష్టపడే వచ్చాను" అని వాంగ్మూలం ఇస్తే ఆ కేసుకి ఊపిరి ఆగుతుంది. వాళ్ల ఊరి స్టేషన్‌కే వెళ్లాలని లేదు. ప్రాణభయం ఉంటే రక్షణ అడగండి. పరువు హత్యల మీద 2018 శక్తివాహిని తీర్పులో పోలీసులకూ ప్రభుత్వాలకూ సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది, సురక్షిత గృహాల మాట అందులోనే ఉంది.

టైమ్ అయిపోతోంది, కొంచెం వేగంగా వెళ్దాం.

203లో ఆమెకి వేరే భర్త ఉన్నాడు. పాత ఐపీసీ 497 కింద ప్రియుడికి ఐదేళ్ల దాకా జైలు ఉండేది, 2018 సెప్టెంబరు 27న కొట్టేశారు. ఆ పాత సెక్షన్‌లో భర్త ఒప్పుకుంటే నేరమే కాదు! భార్యని పొలం గట్టులా చూసిన చట్టం. ఇప్పుడు జైలు లేదు, విడాకులకి కారణం మాత్రం అవుతుంది.

203లో ఇద్దరూ మగవాళ్లు, లేదా ఇద్దరూ ఆడవాళ్లు. 2018 సెప్టెంబరు 6 తర్వాత నేరం కాదు. పెళ్లి హక్కు మాత్రం లేదు, అది 2023 అక్టోబరు 17 తీర్పు. స్వలింగ సంబంధాలకీ, మగవాడి మీద లైంగిక దాడికీ వాడిన ఐపీసీ 377ని బీఎన్‌ఎస్‌లో పూర్తిగా ఎత్తేశారు కాబట్టి ఒక కొత్త కంత పడింది: పెద్దవయసు మగవాడి మీద లైంగిక దాడి జరిగితే దానికంటూ సెక్షన్ లేదు, దెబ్బలూ బెదిరింపుల సెక్షన్లతో సరిపెట్టుకోవాలి.

"పెళ్లి చేసుకుంటా" అని 203కి తీసుకొచ్చాడు. మొదటినుంచీ ఆ ఉద్దేశం లేకుండా మోసం చేస్తే బీఎన్‌ఎస్ 69, పదేళ్ల దాకా. నిజంగానే అనుకుని తర్వాత కుదరకపోతే నేరం కాదు. ఆ తేడా తేల్చేది మెసేజీలే, ఇద్దరూ డిలీట్ చేయకండి.

203లో మొగుడూ పెళ్లాం. మంగళసూత్రం ఉంది, మేనేజర్ నవ్వుతూ తాళం ఇచ్చాడు. ఆమె వద్దంది, అతను వినలేదు. ఆమెకి పద్దెనిమిది దాటి, కలిసే కాపురం చేస్తుంటే బీఎన్‌ఎస్ 63లోని మినహాయింపు ప్రకారం అది అత్యాచారం కాదు. విడిగా ఉంటుంటే 67 కింద నేరం. కలిసి ఉంటే గృహహింస చట్టం, క్రూరత్వం సెక్షన్, అంతే. ఇష్టం ఉన్న జంటని నిలదీసిన రిజిస్టరు ఇక్కడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

203లో కెమెరా దొరికింది. ముట్టుకోకుండా ముందు ఫొటో తీసుకుని 112కి చేయండి. బీఎన్‌ఎస్ 77, ఐటీ చట్టం 66ఈ. బ్లాక్‌మెయిల్ చేస్తే డబ్బు కట్టకండి, ఒకసారి కడితే మళ్లీ అడుగుతాడు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు.

గర్భం వచ్చింది, పెళ్లి కాలేదు. మేజర్ అయితే గర్భం తీయించుకోవడానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు, తల్లిదండ్రుల సంతకం, భర్త సంతకం అడిగే హక్కు ఆసుపత్రికి లేదు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లో 24 దాకా వీలుంది, దానికి ఇద్దరు కావాలి, పెళ్లికానివాళ్లకీ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది.

చివరగా, ఈ 203ని ఎత్తుకెళ్లి ఉత్తరాఖండ్‌లో అద్దె ఇల్లు చేయండి. అక్కడ 2025 జనవరి 27 నుంచి ఉమ్మడి పౌరస్మృతి అమల్లో ఉంది. సహజీవనం మొదలుపెట్టిన నెలలోపు నమోదు చేయించుకోకపోతే మూడు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా. మొదట్లో సెక్షన్ నంబర్ చెప్పమన్నాను కదా, అక్కడ ఒకటి కొత్తగా రాసుకున్నారు. దాని సంగతి వచ్చే వీడియోలో.