ప్రణాళికలో పిల్లవాడి చదువు ఎక్కడ?

ప్రధానోపాధ్యాయులకు, తోటి ఉపాధ్యాయులకు, కమిటీ సభ్యులైన తల్లిదండ్రులకు నమస్కారం.

2009 నాటి విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగం మంది మహిళలు కావాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పనిని 22వ సెక్షను ఈ కమిటీకే అప్పగించింది. చాలా చోట్ల జరిగేది మనకు తెలుసు: ప్రధానోపాధ్యాయులు రాస్తారు, సభ్యులు సంతకాలు పెడతారు.

ఆ ప్రణాళికలు తెరిస్తే ప్రహరీ గోడ, మరుగుదొడ్లు, వంటగది, అదనపు గదులు కనిపిస్తాయి. ఇవి అక్కర్లేదని నేను అనను. మరుగుదొడ్డి లేని బడికి ఆడపిల్లను ఎవరు పంపుతారు? అయితే ఈ చట్టం అమలుకు కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు కూడా ప్రణాళికలో ప్రధానంగా అడిగినవి పిల్లల సంఖ్య, ఉపాధ్యాయులు, వసతులు, డబ్బు. పిల్లవాడి అభ్యసనం 24వ సెక్షనులో ఉపాధ్యాయుల విధుల కింద ఉంది. దాంతో గోడ కమిటీకి, చదువు టీచరుకు అన్న పంపకం జరిగిపోయింది. ఈ పంపకం చెల్లదని చెప్పడానికే వచ్చాను.

‘విద్యా ప్రమాణాలు పెంచాలి’ అని తీర్మానం రాస్తే అది లక్ష్యం కాదు. ‘మూడో తరగతిలో ఒత్తుల దగ్గర ఆగిపోతున్న పిల్లలు సంక్రాంతి సెలవుల లోపు రెండో తరగతి స్థాయి కథను చదివి, సొంత మాటల్లో చెప్పాలి’ అంటే లక్ష్యం. ఎవరు, ఎప్పటికి, ఏమి చేయగలగాలి అన్నవి మూడూ అందులో ఉన్నాయి. రోజూ ఏ పీరియడు దీనికి కేటాయిస్తారో, ఎవరు చెబుతారో కూడా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్, మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలంటుంది. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుని పదం పొడవవుతుంది కాబట్టి ఆ అంకెను గడియారం పట్టుకుని ఆరాధించవద్దు. ‘అర్థం చేసుకుంటూ’ అన్నదాన్ని పట్టుకోండి.

ఇక పర్యవేక్షణ. నమూనా నియమాలు నెలకోసారైనా సమావేశం కావాలన్నాయి. అక్కడ శాతాలు చదివి వినిపిస్తే అందరూ తలలూపుతారు. హాజరు సగటు బాగానే ఉంటుంది, పత్తి ఏరే రోజుల్లో బడికి రానివాళ్లు మాత్రం ప్రతిసారీ ఆ నలుగురే. ఆ నలుగురి ఇళ్లకు ఎవరు వెళ్లారో అడగండి. అయితే వెనుకబడిన పిల్లల పేర్లు టీచరు రిజిస్టరులో ఉండాలి గానీ సభలో కాదు. అందరి ముందూ పిల్లవాణ్ని నిలబెట్టి చదివించే పరీక్ష అసలే వద్దు.

రెండు నెలలైనా కదలిక లేకపోతే సాధారణంగా మనం గడువు జరుపుతాం. జరపవలసింది గడువును కాదు. బోధన పద్ధతి మార్చాలి, లేదా ఆ పిల్లలకు ఇచ్చే సమయం పెంచాలి.

పరీక్షించేటప్పుడు తరగతిలో చెప్పిన పాఠం ఇవ్వకండి, కంఠతా వచ్చినది అప్పజెప్పేస్తారు. పిల్లలు చూడని పుస్తకంలోంచి ఒక పేజీని కమిటీలోని ఒక తల్లి తీసివ్వాలి. ఆమెకు చదవడం రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాడు చదివాక ‘కథలో ఏమి జరిగింది నాయనా’ అని అడగడానికి, చెప్పినది పొంతనగా ఉందో లేదో వినడానికి అక్షరాలు అక్కర్లేదు.