స్టెప్పర్ మోటార్ ఎస్-కర్వ్: బాగుంది, కానీ ఆ ఒక్క నంబర్ ఎక్కడ?

హాయ్ అందరికీ, ముందే చెప్పేస్తున్నా, కెమెరాని స్టెప్పర్ మోటార్లతో (స్టెప్ స్టెప్‌గా తిరిగే మోటార్లు) కదిలించే ఈ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కంపెనీ వాళ్లే ఫ్రీగా ఇచ్చారు, ఏం చెప్పాలన్నది మాత్రం నా ఇష్టమే. ఎన్ని మోటార్లు నడుపుతుంది, ఏ కెమెరాలు కనెక్ట్ అవుతాయి అన్న లిస్ట్ మీరు ఈపాటికి చూసే ఉంటారు, దాని జోలికి పోను. నేను మాట్లాడేది ఒక్క యాక్సెలరేషన్ ట్యాబ్ గురించే.

నా పాత కంట్రోలర్‌లో ట్రెపిజాయిడ్ తప్ప ఇంకోటి లేదు, అంటే స్పీడు గీత గీసినట్టు పెరుగుతుంది, కాసేపు నిలకడగా ఉంటుంది, మళ్లీ అలాగే తగ్గుతుంది. చూడ్డానికి బానే ఉంటుంది గానీ కదలడం మొదలెట్టిన క్షణంలోనే యాక్సెలరేషన్ సున్నా నుంచి ఫుల్లుకి ఎగబాకుతుంది, ఆ కుదుపుకి లాంగ్ లెన్స్ ఊగేది, షాట్ మొదట్లోనే ఆ ఊగుడు కనిపించేది. ఇందులో ఎస్-కర్వ్, అంటే యాక్సెలరేషన్ కూడా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే పద్ధతి, పెట్టగానే అది పోయింది, ఎంత సంతోషమేసిందో చెప్పలేను!

కానీ నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ర్యాంప్ టైమ్ (స్పీడు అందుకోవడానికి పట్టే టైమ్) మార్చకుండా పూర్తి ఎస్-కర్వ్‌కి మారితే పీక్ యాక్సెలరేషన్ రెట్టింపవుతుంది. 1 సెకన్‌లో సెకన్‌కి 60 మిల్లీమీటర్ల స్పీడు అందుకోవాలనుకోండి, ట్రెపిజాయిడ్‌లో యాక్సెలరేషన్ 60 చాలు, ఎస్-కర్వ్‌లో మధ్యలో 120 దాకా పోతుంది, అంచుల్లో తగ్గించింది మధ్యలో పూడ్చుకోవాలి కదా మరి. ఆ 120 స్క్రీన్ మీద ఎక్కడా లేదు! స్మూత్‌నెస్ అని ఒక పర్సంటేజ్ స్లైడర్ ఇచ్చి ఊరుకున్నారు. ఎన్‌కోడర్ (మోటార్ నిజంగా ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) లేని స్టెప్పర్‌కి టార్క్ (తిప్పే బలం) చాలకపోతే స్టెప్స్ మిస్ అయిపోతాయి, సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతే తెలీదు, పొజిషన్ కరెక్టే అనుకుని ముందుకెళ్లిపోతుంది, తీరా అదే మూవ్‌ని రెండుసార్లు తీసి ఒకదాని మీద ఒకటి కలుపుదామని (కంపోజిట్) కూర్చుంటే రెండు పాస్‌లూ కలవవు.

అందుకే ఎస్-కర్వ్ ఆన్ చేస్తే ర్యాంప్ టైమ్ రెట్టింపు చేయండి, అదే స్పీడుకి పీక్ మళ్లీ 60కి దిగుతుంది. మూవ్ మొత్తం టైమ్ లాక్ చేసి ఉంటే ఇంకోటి కూడా చూసుకోండి, 600 మిల్లీమీటర్లు 10 సెకన్లలో వెళ్లాలంటే రెండు వైపులా ర్యాంప్ 1 సెకన్ ఉన్నప్పుడు మధ్యలో స్పీడు దాదాపు 67, 2 సెకన్లు చేస్తే 75, స్పీడు పెరిగేకొద్దీ స్టెప్పర్ టార్క్ పడిపోతుంది.

మైక్రోస్టెప్పింగ్ (ఒక్కో స్టెప్‌ని ఇంకా చిన్న ముక్కలు చేయడం) సెటప్, హోమింగ్ (మోటార్‌ని మొదటి పొజిషన్‌కి తేవడం), అన్నీ ఓకే.

కొనొచ్చా అంటే, వీడియో షాట్లు తీసేవాళ్లు కళ్లు మూసుకుని కొనండి, నేనైతే మళ్లీ ట్రెపిజాయిడ్‌కి వెళ్లలేను. ఆ పీక్ నంబర్ గ్రాఫ్ పక్కన చూపించమని వాళ్లకి మెయిల్ కూడా పెట్టాను. స్టాప్ మోషన్ (ఒక్కో ఫ్రేమ్ ఫోటోలా తీసి కలిపే యానిమేషన్) వాళ్లకి మాత్రం ఇది అంత అవసరం లేదు, ఫ్రేమ్ తీసేటప్పుడు మోటార్ ఆగే ఉంటుంది, ఊగుడు తగ్గేదాకా సెటిల్ టైమ్ ఇస్తే ఉన్నదాంతోనే పనైపోతుంది.